మంట లేవకముందే సారథి ఎవరో తేల్చండి

జురాంగ్ ఐలాండ్‌లో షిఫ్టు ఎక్కే ప్రతి తెలుగు కార్మికుడికీ, ఇంజినీరుకూ, వారిని పనిలో పెట్టిన కాంట్రాక్టరుకూ, ఇటు విశాఖ నుంచి పాశమైలారం దాకా రసాయన కర్మాగారాలు నడిపే యాజమాన్యాలకూ ఇది సూటిగా చేస్తున్న హెచ్చరిక. ఈ రోజు మీరు పనిచేసే చోట మంట లేస్తే ఆదేశాలిచ్చేది ఎవరు? ఆయన సెలవులో ఉంటే ఆ స్థానంలో నిలబడేది ఎవరు? తడుముకోకుండా రెండు పేర్లు చెప్పలేకపోతే మీరు ఇప్పటికే ప్రమాదంలో ఉన్నారు. ఫైరింజన్లు, నీటి ఫిరంగులు, ఫోమ్ డ్రమ్ములు ఎన్ని ఉన్నా, వాటిని ఎప్పుడు, ఎటు తిప్పాలో చెప్పే ఒక్క గొంతు లేకపోతే అవన్నీ ఉండీ లేనట్టే.

సింగపూర్‌లో ఏడాదికి 160కి పైగా రోజులు ఉరుములు ఉరుముతాయి. ఏప్రిల్, మే నెలల్లోనూ, మళ్లీ అక్టోబర్, నవంబర్‌లలోనూ మధ్యాహ్నం దాటాక పిడుగుల జోరు మరీ ఎక్కువ. చమురు ట్యాంకులకు నిప్పంటించే కారణాల్లో ప్రపంచమంతటా ముందు వరసలో ఉన్నది పిడుగే. అది ఎప్పుడు, ఎక్కడ పడుతుందో నిర్ణయించే శక్తి ఎవరికీ లేదు. పడిన తర్వాతి పది నిమిషాల్లో ఎవరు ఏం చేయాలో నిర్ణయించే శక్తి మాత్రం మనకుంది. ఆ నిర్ణయం మంట లేచాక తీసుకునేది కాకూడదు.

ఐదు రోజులు మండిన దీవి

జురాంగ్ ఐలాండ్ మొదటి నుంచీ ఒక్క దీవి కాదు. అయర్ చావన్, అయర్ మెర్బావ్, మెర్లిమావ్, పెసెక్, సక్రా, సెరాయా వంటి చిన్న దీవుల మధ్య సముద్రాన్ని పూడ్చి ఒక్కటి చేశారు. ప్రధాన భూభాగంతో కలిపే కాజ్‌వే 1999లో వచ్చింది. 2000 అక్టోబర్ 14న అప్పటి ప్రధాని గో చోక్ టాంగ్ ఈ ద్వీపాన్ని అధికారికంగా ప్రారంభించారు. ఇప్పుడు దాదాపు 32 చదరపు కిలోమీటర్ల నేల మీద వందకు పైగా కంపెనీలు పనిచేస్తున్నాయి. శుద్ధి కర్మాగారాలు, నాఫ్తా వంటి సరుకును విడగొట్టే క్రాకర్ యూనిట్లు, ట్యాంకు ఫారాలు పక్కపక్కనే ఉంటాయి. ఒక ప్లాంటులో తయారైన సరుకు పైపులో ప్రవహించి పక్క ప్లాంటుకు ముడిసరుకవుతుంది. వ్యాపారానికి అది లాభం. మంట లేచిన రోజున మాత్రం ఒకరి ఆపద కంచె దాటి పొరుగువారి ఆపద అవుతుంది.

ఆ ద్వీపంలో ఇప్పుడు భాగమైన మెర్లిమావ్ 1988లో ఇంకా విడి దీవే. అక్కడికి చేరాలంటే పడవే దారి. ఆ ఏడాది అక్టోబర్ 25న సింగపూర్ రిఫైనింగ్ కంపెనీకి చెందిన నాఫ్తా ట్యాంకు అంటుకుంది. మంట మూడు ట్యాంకులకు పాకి ఐదు రోజులు మండింది. సింగపూర్ ఆ పాఠాన్ని మరచిపోలేదు. మండే సరుకు భారీగా నిల్వచేసే సంస్థలు తమ సొంత అత్యవసర బృందాన్ని శిక్షణతో సిద్ధంగా ఉంచుకోవాలన్న నిబంధన ఇప్పుడు అక్కడ ఉంది. సింగపూర్ సివిల్ డిఫెన్స్ ఫోర్స్, అంటే ఎస్‌సీడీఎఫ్, నిమిషానికి 20 వేల లీటర్లకు పైగా చిమ్మే భారీ ఫిరంగులను సమకూర్చుకుంది.

అయినా మంటలు ఆగలేదు. 2011 సెప్టెంబర్ 28న పొరుగున ఉన్న పులావ్ బుకోమ్‌లో షెల్ రిఫైనరీ అంటుకుని దాదాపు 32 గంటలు మండింది. పైపులో మిగిలిన నాఫ్తాను బయటకు తీసే పనిలో జరిగిన భద్రతా లోపానికి ఆ కంపెనీకి కోర్టు 80 వేల సింగపూర్ డాలర్ల జరిమానా వేసింది. 2016 ఏప్రిల్ 20న జురాంగ్ ఐలాండ్‌లోనే జురాంగ్ అరోమాటిక్స్ కార్పొరేషన్ ట్యాంకు ఐదు గంటలకు పైగా మండింది. 2018 మార్చి 20న పులావ్ బుసింగ్‌లో మరో చమురు ట్యాంకు దాదాపు ఆరు గంటలు మండింది. ఏ రెండు మంటలూ ఒక్కలాంటివి కావు కనుక గంటలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పలేం. ఒక్క విషయం మాత్రం తేటతెల్లం. ఇంత క్రమశిక్షణ ఉన్న చోటే ఇన్నిసార్లు నిప్పు లేస్తుంటే, అంతకంటే తక్కువ సిద్ధంగా ఉన్న మన పారిశ్రామికవాడలు నిశ్చింతగా ఉండే హక్కు కోల్పోయినట్టే.

మొదటి పది నిమిషాలు

మంట చూసిన మనిషి మొదట చేయాల్సింది అలారం నొక్కడం, కంట్రోల్ రూమ్‌కు చెప్పడం. ఒంటరిగా ఆర్పడానికి దూకి, ఓడిపోయాక కబురు చెబితే పోయిన నిమిషాలు తిరిగి రావు. కబురు అందగానే అక్కడున్న వారిలో ముందే నియమితుడైన బాధ్యుడు రేడియోలో తన పేరు చెప్పి, సారథ్యం తనదని ప్రకటించాలి. కమాండ్ పోస్టు ఎక్కడో చెప్పాలి. ఆ క్షణం నుంచి అందరూ ఆయన మాటే వినాలి.

సారథి స్వయంగా గొట్టం పట్టకూడదు. అది పట్టుకుంటే ఆయనకు కనిపించేది ఎదురుగా ఉన్న మంట ఒక్కటే. గాలి వచ్చే వైపున, మొత్తం కనిపించే చోట నిలబడి ఆయన తేల్చుకోవాల్సినవి ఇవి: మండుతున్నది ఏమిటి, ఎంత ఉంది? లోపల మనుషులు ఉన్నారా? పక్కన ఉన్న ట్యాంకుల్లో, పైపుల్లో ఏముంది? గాలి ఎటు వీస్తోంది, మారే సూచన ఉందా? కారిన ద్రవం ట్యాంకు చుట్టూ ఉన్న కట్ట లోపలే ఆగిందా, డ్రైను పట్టుకుని పోతోందా? నా వాళ్లు వెనక్కి రావడానికి దారి ఉందా? ఈ ప్రశ్నలకు జవాబు దొరకకుండా ఒక్క మనిషిని లోపలికి పంపినా అది జూదమే.

అనుభవం లేని కంటికి తప్పుగా కనిపించే ఆదేశాలు కూడా సారథి ఇవ్వాల్సి వస్తుంది. ఎల్‌పీజీ వంటి గ్యాస్ పైపు నుంచి ఎగజిమ్ముతూ మండుతుంటే, వాల్వు మూసే వరకు ఆ మంటను ఆర్పకూడదు. ఆర్పితే గ్యాస్ కారడం ఆగదు, కంటికి కనిపించకుండా నేల మీద పరుచుకుని ఎక్కడో నిప్పురవ్వను వెతుక్కుంటుంది. అప్పుడు మొత్తం ప్రాంగణం ఒక్కసారిగా పేలుతుంది. అందుకే ఆ మంటను మండనిస్తూ, పక్కనున్న గోళాకార ట్యాంకులను నీటితో చల్లబరచాలి. చుట్టూ ఉన్నవారు ఆర్పండి ఆర్పండి అని కేకలు వేస్తుంటే వద్దని నిలబడడానికి చదువు కావాలి, అధికారం కావాలి, ఆ అధికారాన్ని అందరూ ముందే ఒప్పుకుని ఉండాలి.

తొందరపడితే ఫోమ్ మిగలదు

పెద్ద ట్యాంకు మంటలో సారథ్యం ఎందుకు అవసరమో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. 40 మీటర్ల వ్యాసం ఉన్న ట్యాంకు పైభాగం మొత్తం మండుతోందనుకోండి. మండే విస్తీర్ణం 1250 చదరపు మీటర్లకు కాస్త ఎక్కువ. ఫిరంగులతో నురగ చిమ్మేటప్పుడు ప్రతి చదరపు మీటరుకు నిమిషానికి కనీసం 6.5 లీటర్ల ద్రావణం, 65 నిమిషాల పాటు ఆగకుండా పడాలన్నది అంతర్జాతీయంగా పాటించే ప్రమాణం. అంటే నిమిషానికి 8 వేల లీటర్లకు పైగా. మొత్తం 5 లక్షల లీటర్లు దాటుతుంది. అందులో 3 శాతం ఫోమ్ గాఢ ద్రవమైనా దాదాపు 16 వేల లీటర్లు చేతిలో ఉండాలి. గాలికి కొట్టుకుపోయేది, వేడికి ఆవిరయ్యేది దీనికి అదనం.

ఇదంతా చేరకముందే ఉన్న నాలుగు డ్రమ్ములతో మొదలుపెడితే నురగ పొర ట్యాంకును కప్పేలోగా సరుకు అయిపోతుంది. మంట మళ్లీ మొదటికి వస్తుంది, ఫోమ్ మాత్రం తిరిగి రాదు. కనుక సారథి చేయాల్సింది పక్క ట్యాంకులను చల్లబరుస్తూ, పొరుగు కంపెనీల నుంచి ఫోమ్ తెప్పిస్తూ, లెక్క సరిపోయే వరకు దాడి ఆపి ఉంచడం. పై అధికారులు ఫోన్లు చేస్తారు, టీవీ కెమెరాలు చేరతాయి, ఏమీ చేయడం లేదేమిటని అడుగుతారు. ఆ ఒత్తిడికి లొంగి గంట ముందు మొదలుపెట్టిన వారు రోజుల తరబడి మంటతో పోరాడాల్సి వస్తుంది. పరస్పర సహాయ ఒప్పందం కాగితం మీద ఉంటే చాలదు. ఏ కంపెనీలో ఏ రకం ఫోమ్ ఎంత ఉంది, ఒకరి గొట్టం మరొకరి హైడ్రంట్‌కు సరిపోతుందా అన్నది ముందే బిగించి చూసి ఉండాలి.

వెనక్కి రమ్మనే ధైర్యం

1982 డిసెంబర్ 19న వెనిజులా రాజధాని కరాకస్ సమీపంలోని టకోవా విద్యుత్ కేంద్రంలో ఇంధన ట్యాంకు అంటుకుంది. గంటల తరబడి పైపైనే మండుతుండడంతో జనం దగ్గరికి చేరారు. లోపల మాత్రం వేడి పొర మెల్లగా కిందికి దిగుతోంది. ముడి చమురు, బరువైన ఇంధనాల ట్యాంకు అడుగున సాధారణంగా కొంత నీరు ఉంటుంది. వేడి పొర ఆ నీటిని తాకగానే నీరు దాదాపు 1700 రెట్లు ఉబ్బి ఆవిరవుతుంది. పైనున్న మండే చమురంతా ఎగజిమ్మి చుట్టూ కురుస్తుంది. టకోవాలో అదే జరిగి 150 మందికి పైగా చనిపోయారు. వారిలో అగ్నిమాపక సిబ్బంది, విలేకరులు, చూడ్డానికి వచ్చినవారు ఉన్నారు.

2015 ఆగస్టు 12న చైనాలోని టియాంజిన్ రేవులో రసాయనాల గోదాము పేలి 173 మంది బలయ్యారు. వారిలో సగానికి పైగా మంటలార్పడానికి వెళ్లినవారే. లోపల ఏ రసాయనం ఎంత ఉందో తెలియకుండానే మొదటి బృందాలు దగ్గరికి వెళ్లాయి.

ఈ రెండు చోట్లా ధైర్యానికి కొదవ లేదు. దూరం జరగండి అని సకాలంలో ఆజ్ఞాపించే సమాచారం, అధికారం కొరవడ్డాయి. ప్రాణాలు కాపాడే అవకాశం ఉంటే సారథి తన మనుషులను కొంత ప్రమాదంలోకి పంపవచ్చు. కాపాడాల్సింది ఆస్తి మాత్రమే అయితే ఏ ప్రాణమూ పందెం కాకూడదు. వెనక్కి రమ్మనే సంకేతం ఏమిటో, అది సైరనా, విజిలా, రేడియో మాటా అన్నది లోపలికి వెళ్లేవారికి ముందే తెలియాలి. ఎంతమంది వెళ్లారో, ఎంతమంది తిరిగొచ్చారో బోర్డు మీద రాసే మనిషి ఒకరు ఉండి తీరాలి.

పదిమంది చేతిలో పాము చావదు

ఈ సామెత ఎంత నిజమో 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో రుజువైంది. ఫోర్ట్ స్టికీన్ నౌకలో పత్తి బేళ్లతో పాటు దాదాపు 1400 టన్నుల పేలుడు పదార్థాలు ఉన్నాయి. మధ్యాహ్నం పొగ కనిపించింది. కెప్టెన్, రేవు అధికారులు, సైన్యం తరఫు పేలుడు పదార్థాల నిపుణుడు, అగ్నిమాపక అధికారులు అందరూ అక్కడే ఉన్నారు. ఓడను ముంచేయాలా, సముద్రంలోకి లాగాలా, అక్కడే ఆర్పాలా అన్నది తుది మాటగా చెప్పే అధికారం మాత్రం ఏ ఒక్కరి చేతిలోనూ లేదు. రెండు గంటలు చర్చల్లో గడిచాయి. నాలుగు దాటిన కాసేపటికి ఓడ పేలింది. వందలాది మంది చనిపోయారు. వారిలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది. వారి స్మృతిలోనే మన దేశంలో ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక సేవా దినం జరుపుతున్నాం. దండలు వేస్తున్నాం. ఆ రోజు నేర్పిన పాఠాన్ని ఎన్ని కర్మాగారాల్లో అమలు చేస్తున్నాం?

1970 నాటి కార్చిచ్చుల తర్వాత కాలిఫోర్నియాలో రూపుదిద్దుకున్న ఇన్సిడెంట్ కమాండ్ పద్ధతి ఈ రోగానికే మందు. దాని మూల సూత్రాలు కష్టమైనవి కావు. సంఘటనకు ఒక్కడే సారథి. ప్రతి మనిషికీ ఒక్కడే పై అధికారి. ఒక నాయకుడి కింద నేరుగా ముగ్గురి నుంచి ఏడుగురి వరకే ఉండాలి. సారథ్యం చేతులు మారితే ఎదురెదురుగా నిలబడి, పరిస్థితి వివరించి, మారిందని అందరికీ వినిపించేలా చెప్పాలి. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇదే తీరులో మార్గదర్శకాలు విడుదల చేసింది.

చేతులు మారే ఆ ఘట్టమే చాలాచోట్ల దెబ్బతింటోంది. జురాంగ్ ఐలాండ్‌లో ఎస్‌సీడీఎఫ్ వచ్చేవరకు కంపెనీ బృందం నాయకుడిదే భారం. వారు వచ్చాక ఆయన పక్కకు తప్పుకుంటే సరిపోదు. ఏ ట్యాంకులో ఏముంది, ఏ వాల్వు మూశాం, ఏది మూయలేకపోయాం, ఎవరి ఆచూకీ తెలియలేదు అన్నది చెబుతూ కమాండ్ పోస్టులోనే ఉండాలి. వచ్చినవారికి మంట గురించి తెలుసు. ఆ ప్లాంటు గురించి తెలిసింది ఆయనకే.

మన గడ్డ మీద మానని గాయాలు

1997 సెప్టెంబర్ 14, ఆదివారం ఉదయం. విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో నౌక నుంచి వస్తున్న ఎల్‌పీజీ కారి, నేల మీద మేఘంలా పరుచుకుని అంటుకుంది. గోళాకార ట్యాంకులు మంటల్లో చిక్కుకున్నాయి. దాదాపు 60 మంది చనిపోయారు. ఎటు వెళ్లాలో, వెళ్లాలో వద్దో చెప్పేవారు లేక వేలాది నగరవాసులు కట్టుబట్టలతో పరుగు తీశారు.

2020 మే 7న అదే నగరంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి వెలువడి 12 మందిని పొట్టన పెట్టుకుంది. సైరన్ మోగించే మీటలు 36 చోట్ల ఉన్నా ఒక్కటీ నొక్కలేదని ప్రభుత్వం నియమించిన హైపవర్ కమిటీ తేల్చింది. నొక్కే అధికారం తనకుందని, నొక్కాల్సిన బాధ్యత తనదని ఎవరూ అనుకోనప్పుడు 36 మీటలున్నా ఊరు నిద్రలోనే ఉండిపోతుంది.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసైన్షియా ఔషధ కర్మాగారంలో ద్రావకం కారి పేలుడు సంభవించి 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచీ పరిశ్రమలో పేలుడు 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. మృతులను గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది, ఎనిమిది మంది ఆచూకీ దొరకనే లేదు. గేటు బయట రోజుల తరబడి నిలబడ్డ ఆ కుటుంబాలను తలచుకుంటే ఒక్క విషయం గట్టిగా చెప్పక తప్పదు. షిఫ్టులో ఎవరెవరు ఉన్నారో తెలిపే జాబితా, కాంట్రాక్టు కార్మికుల పేర్లతో సహా, ప్లాంటు బయట కూడా ఒకటి ఉండి తీరాలి. లోపల ఎందరున్నారో తెలియని సారథి ఎవరిని వెతకమని పంపగలడు?

అర్థంకాని భాషలో హెచ్చరిక హెచ్చరికే కాదు

ఉత్తరాంధ్ర, గోదావరి, తెలంగాణ జిల్లాల నుంచి సింగపూర్ వెళ్లిన మన వెల్డర్లు, ఫిట్టర్లు, పరంజా కట్టేవారు చాలామంది ఉప కాంట్రాక్టర్ల కింద పనిచేస్తున్నారు. ఈ నెల ఒక ప్లాంటు, వచ్చే నెల మరొకటి. ప్రతి చోటా సైరన్ శబ్దాల అర్థం వేరు, అసెంబ్లీ పాయింట్ వేరు. ఇంగ్లిష్‌లో గబగబా చదివే సూచనలకు తల ఊపి సంతకం చేయడం అలవాటైపోయింది. దయచేసి ఆ అలవాటు మానండి. అర్థం కాకపోతే తెలుగు తెలిసినవారితో చెప్పించమని అడగండి. అడిగితే చిన్నతనం లేదు. అడగకపోతే ప్రాణానికే ముప్పు.

ద్వీపానికి రోడ్డు దారి ఒక్క కాజ్‌వేనే. అందరూ ఒకేసారి బస్సులెక్కి బయటపడాలనుకుంటే వచ్చే ఫైరింజన్లకు దారి మూసుకుపోతుంది. అందుకే కొన్ని సందర్భాల్లో బయటకు పరుగెత్తవద్దని, భవనం లోపలే ఉండి తలుపులు, కిటికీలు మూసి, సందులకు టేపు అంటించుకోమని ఎస్‌సీడీఎఫ్ చెబుతుంది. విషవాయువు కారినప్పుడు అదే ప్రాణరక్ష. పరుగెత్తమన్నప్పుడు గాలికి అడ్డంగా పక్కకు తప్పుకుని, తర్వాత గాలి వచ్చే వైపుకు నడవాలి. అసెంబ్లీ పాయింట్‌కు చేరాక పేరు చెప్పకుండా గదికి వెళ్లిపోకూడదు. మీరు లోపలే ఉన్నారనుకుని మిమ్మల్ని వెతకడానికి ఒకరు మంటల్లోకి వెళతారు.

ఏం చేయాలి

యాజమాన్యాలు ప్రతి షిఫ్టుకు సారథి పేరు, ఆయనకు బదులుగా నిలబడే ఇద్దరి పేర్లు గేటు దగ్గర, కంట్రోల్ రూమ్‌లో, క్యాంటీన్‌లో రాసి పెట్టాలి. ప్లాంటు ఆపే అధికారం, ఖాళీ చేయించే అధికారం ఎవరినీ అడగకుండా వాడుకోవచ్చని ఆ వ్యక్తికి రాతపూర్వకంగా ఇవ్వాలి. తప్పుడు అలారం మోగించినందుకు ఎవరినీ శిక్షించబోమని అందరి ముందు ప్రకటించాలి. రాత్రి షిఫ్టులో, వానలో, సారథి లేడనుకుని ఒక మాక్ డ్రిల్ చేయాలి. పగటిపూట పెద్దల ముందు ఫొటోల కోసం చేసే డ్రిల్ ఎవరినీ కాపాడదు.

మన దగ్గర 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు ప్లాంటు లోపలి డ్రిల్ ఆరు నెలలకోసారి, చుట్టుపక్కల ఊళ్లతో కలిపి ఏడాదికోసారి జరగాలని ఎప్పుడో చెప్పాయి. కలెక్టర్లు, ఫ్యాక్టరీల శాఖ అధికారులు తమ జిల్లాలో చివరిసారి అవి ఎప్పుడు జరిగాయో, ఏ లోపాలు బయటపడ్డాయో, వాటిని సరిదిద్దారో లేదో ప్రజల ముందుంచాలి. అగ్నిమాపక కేంద్రాల సిబ్బంది తమ పరిధిలోని ప్రతి ప్రమాదకర ప్లాంటులోకి నిప్పు లేని రోజున వెళ్లి ట్యాంకులు, వాల్వులు, దారులు చూసి రావాలి. ప్రవాస తెలుగు సంఘాలు పండగల వేదికల మీద ఒక్క గంట దీనికి కేటాయించి, డార్మిటరీల్లోని కార్మికులకు సైరన్లు, గాలి దిశ, సింగపూర్ అత్యవసర ఫోన్ నంబరు 995 గురించి తెలుగులో చెప్పించాలి.

వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు, కోట్ల రూపాయలు అక్కర్లేదు. పేర్లు రాయడానికి ఒక బోర్డు, వాటిని చదివి వినిపించడానికి ఐదు నిమిషాలు చాలు. వచ్చే షిఫ్టు మొదలయ్యేలోగా ఆ బోర్డు పెట్టండి. పెట్టని చోట పనిలోకి దిగేముందు, అది ఎక్కడుందని ప్రతి కార్మికుడూ నోరు తెరిచి అడగాలి.